హెడ్ దించే ముందు డిప్‌స్టిక్ తీయండి

"కింద గేర్లలో బాగానే లాగుతోంది, స్పీడెక్కాక చచ్చుబడిపోతోంది." కస్టమర్ ఈ మాట అన్నాక షెడ్డులో ఏం జరుగుతుందో మీకు తెలిసిందే. ప్లగ్గులు మారతాయి. ఇంజెక్టర్లు క్లీనింగ్‌కు వెళ్తాయి. ఫ్యూయల్ పంపు మీద అనుమానం వస్తుంది. సైలెన్సర్ మూసుకుపోయిందేమోనని దాన్నీ ఊడదీస్తారు. అప్పటికీ తేలకపోతే కంప్రెషన్ పోయిందని హెడ్ దించుతారు. బండి హోండా సిటీ అయితే, ఇంత హంగామా తర్వాత తప్పు దొరికే చోటు ఒక్కోసారి వీటెక్ సొలెనాయిడ్ దగ్గరుండే చిన్న జాలీ. మడ్డి పట్టి మూసుకుపోయి ఉంటుంది.

ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడ్ చదివి, కొన్నేళ్లుగా సొంత షెడ్డులోనో కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనో చేస్తున్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. మీకు ట్యాపెట్ సెట్టింగు వచ్చు, టైమింగ్ చెయిన్ వేయడం వచ్చు, స్కానర్ పెట్టడం వచ్చు. వీటెక్, వాల్వ్‌ట్రానిక్, మల్టీఎయిర్, వీవీఏ అనే పేర్లు వినపడేసరికి మాత్రం "అది కంపెనీవాళ్ల పని" అని బండిని పంపేస్తారు. అలా పంపేస్తున్న పనిలోనే ఇప్పుడు మంచి కూలీ ఉందని నా నమ్మకం. వారంటీ దాటిన బండ్లు ఒక్కొక్కటే బయటి షెడ్డులకు వస్తున్నాయి. వాటి వాల్వ్ సంగతి అర్థమైనవాళ్లు ప్రతి ఊళ్లో దొరకరు.

ఒక్క క్యామ్‌తో వచ్చిన చిక్కు

మామూలు ఇంజిన్‌లో క్యామ్ లోబ్ ఆకారం ఒక్కటే. ఐడిల్‌లో ఉన్నా, ఆరు వేల ఆర్పీఎంలో అరుస్తున్నా వాల్వ్ సీటు వదిలి అంతే దూరం జరుగుతుంది. ఆ దూరమే లిఫ్ట్. ఇంజిన్ అవసరం మాత్రం వేగాన్ని బట్టి మారిపోతుంది. 800 ఆర్పీఎం దగ్గర పిస్టన్ పైనుంచి అడుగుకు రావడానికి 37 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. 6,000 దగ్గర అదే దూరానికి దొరికేది 5 మిల్లీసెకన్లు. ఆ కాసేపట్లో సిలిండర్ నిండాలంటే గాలికి దారి వెడల్పుగా ఉండాలి, వాల్వ్ ఎక్కువసేపు తెరిచి ఉండాలి.

దారి ఎంత వెడల్పో చేతి లెక్కతోనే తేలుతుంది. వాల్వ్ తెరుచుకున్నప్పుడు గాలి దూరేది దాని చుట్టూ ఏర్పడే సందులోంచి. వాల్వ్ చుట్టుకొలతను లిఫ్ట్‌తో గుణిస్తే ఆ సందు వైశాల్యం వస్తుంది. వాల్వ్ తల వ్యాసం 32 మిల్లీమీటర్లు అనుకోండి. అందులో నాలుగో వంతు, అంటే 8 మిల్లీమీటర్ల లిఫ్ట్ దగ్గర సందు వైశాల్యం వాల్వ్ తల వైశాల్యానికి సమానమవుతుంది. ఆపైన ఎంత లేపినా లాభం తగ్గుతూ పోతుంది. అయినా చాలా క్యామ్‌లు ఆ గీత దాటించే లేపుతాయి. వాల్వ్ పూర్తి ఎత్తులో ఉండేది క్షణమే కాబట్టి, ఆ క్షణానికి ముందూ వెనకా కూడా దారి పెద్దదిగా ఉండాలన్నది ఉద్దేశం.

అలాగని పెద్ద లోబ్ పెట్టేస్తే కింది స్పీడు చెడుతుంది. ఎత్తు ఎక్కువున్న లోబ్ సాధారణంగా వాల్వ్‌ను ఎక్కువసేపు కూడా తెరిచి ఉంచుతుంది. ఇంజిన్ మెల్లగా తిరుగుతున్నప్పుడు పిస్టన్ కిందికి వెళ్లి మళ్లీ పైకి వస్తున్నా ఇన్‌టేక్ వాల్వ్ ఇంకా మూసుకోదు. లోపలికి వచ్చిన గాలిలో కొంత మానిఫోల్డ్‌లోకే తిరిగి పోతుంది. దారి వెడల్పు కాబట్టి గాలి వేగం పడిపోతుంది, పెట్రోలు సరిగా కలవదు. ఐడిల్ ఊగుతుంది, పికప్ ఉండదు. చిన్న లోబ్ పెడితే కింద హాయి, మీద ఉక్కిరిబిక్కిరి. ఈ రెంటి మధ్య ఎక్కడో ఒకచోట రాజీపడి క్యామ్ కోసేవారు. ఆ రాజీ అక్కర్లేకుండా చేయడానికి పుట్టినవే లిఫ్ట్ మార్చే పద్ధతులు.

బండి దగ్గర వేసుకోవాల్సిన మూడు ప్రశ్నలు

కంపెనీ పేర్లు బట్టీపట్టి లాభం లేదు. ఏ బండి ముందు నిలబడ్డా మూడు సంగతులు తేల్చుకుంటే చాలు. మారేది వాల్వ్ తెరుచుకునే సమయమా, లేచే ఎత్తా? ఎత్తే అయితే ఒక మెట్టు మీంచి ఇంకో మెట్టుకు దూకుతుందా, కొంచెం కొంచెంగా మారుతుందా? మార్చే బలం ఆయిల్‌దా, సొలెనాయిడ్‌దా, మోటారుదా?

మొదటి ప్రశ్న దగ్గరే సగం గందరగోళం తీరిపోతుంది. మన రోడ్ల మీద ఎక్కువగా కనిపించే మారుతి వీవీటీ, హ్యుందాయ్ వీటీవీటీ, టయోటా వీవీటీ-ఐ, ఇవన్నీ సమయాన్ని మాత్రమే మారుస్తాయి. క్యామ్‌షాఫ్ట్ కొసన ఉన్న ఫేజర్ ఆయిల్ ప్రెషర్‌తో షాఫ్ట్‌ను కాస్త ముందుకో వెనక్కో తిప్పుతుంది. వాల్వ్ ముందుగా తెరుచుకుంటుంది లేదా ఆలస్యంగా తెరుచుకుంటుంది. లేచే ఎత్తు మారదు. వీటి దగ్గర లిఫ్ట్ గురించి వెతకడం వృథా. హ్యుందాయ్ 2019లో తెచ్చిన సీవీవీడీ ఇంకో దారి. అది వాల్వ్ తెరిచి ఉండే వ్యవధిని మారుస్తుంది.

హోండాలో మాత్రం పేరొక్కటే, లోపలి సంగతులు వేరు. వీటెక్ అంటే లిఫ్ట్ మారేది. హోండా వాడే వీటీసీ అన్న మాట ఫేజర్‌కు సంబంధించినది. 2020లో మన దేశంలో వచ్చిన సిటీలో ఈ రెండూ ఉన్నాయి. 1991లో సివిక్‌లో వచ్చిన వీటెక్-ఈ సంగతి చూడండి. అది పవర్ కోసం పుట్టింది కాదు, మైలేజీ కోసం. కింది స్పీడులో రెండు ఇన్‌టేక్ వాల్వ్‌లలో ఒకటి నామమాత్రంగా కదులుతుంది. గాలి ఒక్క వాల్వ్ లోంచి సుడి తిరుగుతూ దూరుతుంది కాబట్టి పలచని మిశ్రమం కూడా బాగా మండుతుంది. అందుకే "వీటెక్ పోతే ఇలా ఉంటుంది" అని అన్ని హోండాలకూ ఒకే లక్షణం చెప్పేవాళ్ల మాట నమ్మకండి.

వీటెక్ లోపల

అన్నిటికంటే ఎక్కువసేపు దీని మీదే నిలబడదాం. మీ చేతికి వచ్చేవి ఎక్కువగా ఇవే, మిగతావి అర్థం కావడానికి పునాదీ ఇదే. హోండా ఇంజినీరు ఇకువో కజితాని బృందం చేసిన ఈ పద్ధతి 1989లో ఇంటెగ్రా కారులో వచ్చింది. టర్బో లేకుండా 1.6 లీటర్ల ఇంజిన్ 7,600 ఆర్పీఎం దగ్గర 160 పీఎస్ ఇచ్చింది. లీటరుకు వంద పీఎస్ అన్నది అప్పట్లో రేసు కార్ల లెక్క. ఆ ఇంజిన్‌ను కూరగాయల మార్కెట్‌కు కూడా నడుపుకుపోవచ్చు, అసలు గొప్పదనం అందులోనే ఉంది.

రెండు వాల్వ్‌లకు కలిపి మూడు లోబ్‌లు, మూడు రాకర్లు ఉంటాయి. పక్క లోబ్‌లు చిన్నవి, నడిమిది పెద్దది. పక్క రాకర్లు వాల్వ్‌లను తొక్కుతాయి. నడిమి రాకర్ కింద వాల్వ్ లేదు. పెద్ద లోబ్ తొక్కినప్పుడల్లా అది ఒట్టిగా ఊగుతుంది, కింద ఉన్న స్ప్రింగు దాన్ని లోబ్‌కు ఆనించి ఉంచుతుంది. రాకర్ల పొట్టలో అడ్డంగా చిన్న పిన్నులు ఉంటాయి. ఈసీయూ ఆజ్ఞ ఇవ్వగానే సొలెనాయిడ్ స్పూల్ వాల్వ్‌ను తెరుస్తుంది. రాకర్ షాఫ్ట్ గుండా ఆయిల్ వచ్చి పిన్నులను నెడుతుంది, తలుపుకు గడియ పడ్డట్టు మూడు రాకర్లూ ఒక్కటవుతాయి. అప్పటి నుంచి రెండు వాల్వ్‌లూ నడిమి పెద్ద లోబ్ చెప్పినట్టే కదులుతాయి. ఆజ్ఞ ఆగితే ఆయిల్ వదిలేస్తుంది, స్ప్రింగు పిన్నులను వెనక్కి తోస్తుంది.

పిన్ను జరగాలంటే మూడు రాకర్ల రంధ్రాలూ ఒకే వరుసలోకి రావాలి. వాల్వ్‌లు మూసుకుని ఉన్నప్పుడు మాత్రమే అవి అలా వస్తాయి. ఇంజిన్ వేగంగా తిరుగుతున్నప్పుడు ఆ సందు మిల్లీసెకన్లలో గడిచిపోతుంది. ఆ కాసేపట్లో చాలినంత ప్రెషర్‌తో, చాలినంత త్వరగా ఆయిల్ రావాలి. ఆయిల్ లెవెల్, గ్రేడ్, శుభ్రత, ట్యాపెట్ గ్యాప్ ఎందుకంత ముఖ్యమో ఈ ఒక్క వాస్తవం చెప్పేస్తుంది.

చాలా హోండా మోడళ్లలో ఈసీయూ ఆజ్ఞ ఇవ్వడానికి ఆర్పీఎం ఒక్కటే చాలదు. ఇంజిన్ మీద లోడు ఉండాలి, నీళ్లు వేడెక్కి ఉండాలి, బండి కదులుతూ ఉండాలి. షెడ్డులో నిలబెట్టి రేసింగ్ ఇచ్చి "వీటెక్ పడటం లేదు" అని తేల్చేయడం ఈ కారణంగానే పొరపాటు. రోడ్డు మీదికి తీసుకెళ్లండి. నడిపేవాళ్లొకరు, స్కానర్‌లో లైవ్ డేటా చూసేవాళ్లొకరు ఉండాలి. మీరే నడుపుతూ మీరే స్క్రీన్ చూడకండి. ఖాళీ రోడ్డు మీద, స్పీడు పరిమితిలో, కింది గేరులో ఆర్పీఎం ఎక్కిస్తే పని తేలిపోతుంది.

కోడ్ వచ్చినంత మాత్రాన

పీ2646 అన్న కోడ్‌కు అర్థం ఇది: ఈసీయూ ఆజ్ఞ ఇచ్చింది, రాకర్లకు ఆయిల్ ప్రెషర్ వచ్చినట్టు ప్రెషర్ స్విచ్ చెప్పలేదు. పీ2647 దానికి తిరగబడ్డది. అడగకుండానే ప్రెషర్ ఉందని స్విచ్ అంటోంది. పాత మోడళ్లలో పీ1259 కనిపిస్తుంది. వీటిలో ఏదీ "సొలెనాయిడ్ మార్చు" అని చెప్పడం లేదు. కోడ్ చూసి సొలెనాయిడ్ కొనిపించి, మళ్లీ చెక్ లైట్ వెలిగాక తలపట్టుకునేవాళ్లు ఎందరో.

వరుస ఇలా పెట్టుకోండి. ముందు డిప్‌స్టిక్. లెవెల్ తక్కువుంటే మలుపుల్లో, గట్టిగా తొక్కినప్పుడు పంపు గాలి పీలుస్తుంది. ఎక్కువ పోసి ఉంటే క్రాంక్ చిలికి నురగ చేస్తుంది. గాలి కలిసిన ఆయిల్ పిన్నును గట్టిగా నెట్టలేదు. తర్వాత గ్రేడ్. పొగ తగ్గడానికనీ చప్పుడు తగ్గడానికనీ పాత బండ్లలో 20డబ్ల్యూ-50 పోయడం మనకు అలవాటు. ఈ ఇంజిన్ల దారులు పలచని ఆయిల్‌ను దృష్టిలో పెట్టుకుని తొలిచినవి. ఓనర్ మాన్యువల్‌లో ఉన్న గ్రేడే పోయాలి. కస్టమర్ "చిక్కని ఆయిల్ పోయండి" అని పట్టుబడితే ఆ మాట జాబ్ కార్డు మీద రాయించి సంతకం తీసుకోండి.

లెవెల్, గ్రేడ్ సరిగా ఉంటే సొలెనాయిడ్ దగ్గరికి వెళ్లండి. కనెక్టర్ తీసి మల్టీమీటర్ పెడితే హోండాలో సాధారణంగా 14 నుంచి 30 ఓమ్‌ల మధ్య చూపాలి. పన్నెండు వోల్టులు ఇస్తే టక్‌మని వినపడాలి. విప్పినప్పుడు జాలీ చూడండి. అందులో మెరిసే లోహపు పొడి ఉంటే సంగతి జాలీతో ఆగదు, బేరింగులో క్యామో అరుగుతోందని అర్థం. నల్లటి మడ్డి ఉంటే ఆయిల్ ఆలస్యంగా మార్చారని అర్థం. మడ్డి పట్టిన ఇంజిన్‌లో ఘాటైన ఫ్లష్ పోయడం నాకు నచ్చదు. ఒక్కసారిగా ఊడివచ్చిన మడ్డి మళ్లీ ఆ జాలీలోకే చేరుతుంది. మంచి ఆయిల్, ఫిల్టరు వేసి, కొద్ది కిలోమీటర్లకే ఇంకోసారి మార్చడం మెరుగు.

బిగించేటప్పుడు కొత్త గ్యాస్కెట్ వేయండి. పాతది గట్టిపడి ఆయిల్ కారుతుంది, కొన్ని మోడళ్లలో ఆ చుక్కలు ఆల్టర్నేటర్ మీదే పడతాయి. కారకూడదని సిలికాన్ పేస్టు దట్టిస్తే లోపలికి పిండుకున్న ముక్క ఆయిల్ దారికి అడ్డం పడుతుంది. ఇవాళ్టి రిపేరే రేపటి కంప్లయింటవుతుంది.

అప్పటికీ తేలకపోతే ప్రెషర్ స్విచ్ స్థానంలో గేజ్ బిగించండి. నా దృష్టిలో ఈ మొత్తం పనిలో అతి విలువైన పది నిమిషాలు ఇవే. సొలెనాయిడ్ పనిచేసినప్పుడు గేజ్‌లో ప్రెషర్ లేస్తోంది, ఈసీయూకు మాత్రం తెలియడం లేదు అంటే స్విచ్చో వైరో చెడింది. గేజ్ కదలడం లేదంటే సొలెనాయిడ్‌కు అటువైపు వెతకాలి. ఇంజిన్ మొత్తం ప్రెషరే తక్కువుంటే పంపు, బేరింగులు. ప్రెషర్ బాగుంది, స్విచ్ బాగుంది, అయినా పవర్ లేదు, అప్పుడు వాల్వ్ కవర్ తీయండి. ఆ సిలిండర్‌ను టీడీసీకి తెచ్చి నడిమి ఇన్‌టేక్ రాకర్‌ను వేలితో నొక్కండి. పక్క రెండూ కదలకుండా అదొక్కటే కదలాలి. కలిసి కదిలితే పిన్ను ఇరుక్కుపోయింది. కదలిక సరిగా ఉంటే, మాన్యువల్ చెప్పిన ప్రెషర్‌తో తనిఖీ రంధ్రంలోకి గాలి పంపి రాకర్లు ఒక్కటవుతున్నాయో లేదో చూడొచ్చు. ట్యాపెట్ గ్యాప్ కూడా అప్పుడే చూడండి. హెడ్ వేడి 38 డిగ్రీల లోపు ఉన్నప్పుడే కొలవాలని హోండా మాన్యువల్ మాట. పొద్దున్నే, బండి స్టార్ట్ చేయకముందు చేసుకుంటే గొడవ ఉండదు.

ఇంత వరకూ హెడ్ దించలేదని గమనించారు కదా.

మోటారుతో, ఆయిల్ స్తంభంతో, జరిగే క్యామ్‌తో

బీఎండబ్ల్యూ 2001లో 316టీఐ కాంపాక్ట్‌లో తెచ్చిన వాల్వ్‌ట్రానిక్ వేరే ఆలోచన. అక్కడ లిఫ్ట్ మెట్టుగా మారదు. ఒక చిన్న మోటారు ఎక్సెంట్రిక్ షాఫ్ట్‌ను తిప్పుతుంది. ఆ షాఫ్ట్ నడిమి లివర్ ఆనుకునే చోటును మారుస్తుంది. దాంతో ఇన్‌టేక్ లిఫ్ట్ ఐడిల్‌లో మిల్లీమీటరు లోపు నుంచి పూర్తి లోడులో 9.7 మిల్లీమీటర్ల దాకా నున్నగా పెరుగుతుంది. మీరు యాక్సిలరేటర్ తొక్కితే గాలిని కొలిచి పంపేది వాల్వే. థ్రాటిల్ ఉంటుంది, కానీ మామూలు నడకలో దాదాపు తెరిచే ఉంటుంది. సగం మూసిన థ్రాటిల్ దాటించి గాలి పీల్చడానికి ఇంజిన్ వృథా చేసే శక్తి మిగులుతుంది, పెట్రోలు ఆదా అవుతుంది.

మెకానిక్‌కు ఇందులో ఒక ఉచ్చు ఉంది. థ్రాటిల్ మూసుకోదు కాబట్టి మానిఫోల్డ్‌లో వాక్యూమ్ దాదాపు ఉండదు. వాక్యూమ్ గేజ్ పెట్టి, ముల్లు లేవలేదని వాల్వ్‌లు కాలిపోయాయని తేల్చారంటే అంతే సంగతులు. బ్రేక్ బూస్టర్‌కు వేరే పంపు పెట్టింది ఇందుకే. ఇంకోటి, మోటారో షాఫ్ట్ సెన్సరో మార్చాక స్కానర్‌తో కనిష్ఠ, గరిష్ఠ హద్దులు మళ్లీ నేర్పించాలి. ఆ పని చేసే స్కానర్ మీ దగ్గర లేకపోతే ఆ పార్టు విప్పకపోవడమే మంచిది.

గల్ఫ్‌లో పనిచేస్తున్న, వెళ్లాలనుకుంటున్న మనవాళ్లకు నిస్సాన్ వీవీఈఎల్ గురించి ఒక మాట. అక్కడ విరివిగా తిరిగే నిస్సాన్ పాట్రోల్ వై62 మోడల్ 5.6 లీటర్ల వీ8లో ఇదే ఉంది. ఇదీ మోటారుతో కొంచెం కొంచెంగా మారేదే. హెడ్ మీద వీవీఈఎల్ ల్యాడర్ విప్పాల్సి వస్తే నల్ల రంగు బోల్టులు ముట్టుకోవద్దని నిస్సాన్ మాన్యువల్ గట్టిగా చెబుతుంది. అవి ఫ్యాక్టరీలో కొలిచి బిగించినవి. వదులు చేస్తే ల్యాడర్‌తో పాటు హెడ్ కూడా మార్చాల్సి వస్తుంది. కొత్త దేశంలో, కొత్త ఉద్యోగంలో ఒక బోల్టుతో అంత ఖర్చు నెత్తిన వేసుకోవడం ఎవరికీ వద్దు.

మన దేశంలో 2017 నుంచి కొన్నేళ్లు అమ్ముడైన జీప్ కంపాస్ 1.4 పెట్రోలులో ఫియట్ మల్టీఎయిర్ ఉంది. దీన్ని ఫియట్ 2009లో ఆల్ఫా రోమియో మీటోలో తెచ్చింది. క్యామ్‌కూ ఇన్‌టేక్ వాల్వ్‌కూ మధ్య ఇనుము లేదు, ఆయిల్ ఉంది. సొలెనాయిడ్ మూసుకుంటే ఆ ఆయిల్ ఎటూ పోలేక గట్టిపడుతుంది, క్యామ్ నెట్టినంతా వాల్వ్‌కు చేరుతుంది. సొలెనాయిడ్ తెరిస్తే ఆయిల్ పక్కకు జారిపోతుంది, వాల్వ్ అంత లేవదు. ప్రతి సిలిండర్‌కూ, ప్రతి చక్రానికీ ఎంత కావాలో అంతే. ఇక్కడ ఆయిల్ అంటే కందెన మాత్రమే అనుకుంటే కుదరదు. వాల్వ్ రైలులో అదే ఒక పార్టు. గ్రేడ్ మారితే పొద్దున్నే ఎక్కువసేపు సెల్ఫ్ కొట్టాల్సి రావడం, మిస్సింగ్, చెక్ లైట్. ఈ బండి మిస్సింగుతో వస్తే కాయిల్స్‌కు ముందు ఆయిల్ బిల్లు అడగండి.

ఆడీ వాల్వ్‌లిఫ్ట్‌లో క్యామ్ లోబ్‌లే షాఫ్ట్ మీద పక్కకు జరుగుతాయి. సొలెనాయిడ్ పిన్ను బయటికి వచ్చి లోబ్ పక్కనున్న మెలికల గాడిలో పడుతుంది. షాఫ్ట్ తిరుగుతుంటే గాడే లోబ్‌ను తోసేస్తుంది. 2006లో 2.8 ఎఫ్ఎస్ఐలో ఇన్‌టేక్ వైపు వచ్చింది, 2.0 టీఎఫ్ఎస్ఐలో ఎగ్జాస్ట్ వైపు పెట్టారు. కోడ్ ఏ వైపు చూపుతోందో చూసుకుని విప్పండి.

ఇక కార్లు రిపేరు చేయకపోయినా లిఫ్ట్ మార్చే పద్ధతి రోజూ చేతిలో పడేది టూవీలర్ మెకానిక్‌లకు. యమహా ఆర్15 మూడో వెర్షన్ మన దేశంలోకి 2018లో వీవీఏతో వచ్చింది. 155 సీసీ, ఇన్‌టేక్‌కు రెండు లోబ్‌లు. 7,400 ఆర్పీఎం దగ్గర సొలెనాయిడ్ పిన్నును నేరుగా తోసి పెద్ద లోబ్‌ను కలుపుతుంది. తర్వాత వచ్చిన ఎంటీ-15, ఏరాక్స్ 155లోనూ వీవీఏ పద్ధతే. తోసేది కరెంటు కాబట్టి వెతకాల్సిన వరుస మారుతుంది. ముందు కనెక్టర్, వైరు, సొలెనాయిడ్ చప్పుడు. నీళ్లతో ప్రెషర్ వాష్ కొట్టే ఊళ్లలో కనెక్టర్లను ఎప్పుడూ మొదట అనుమానించండి.

ఉద్యోగంలో దీన్నెలా వాడుకోవాలి

ఇంటర్వ్యూలో సర్వీస్ మేనేజర్ "వీటెక్ తెలుసా" అంటే దాని పూర్తి పేరు అప్పజెప్పకండి. ఆ జవాబు అందరూ చెప్పేదే. "సార్, కింద బాగుండి మీద లాగని బండి వస్తే ఫలానా వరుసలో చూస్తాను" అని చెప్పి, గేజ్ దాకా వచ్చి ఆగండి. తర్వాతి ప్రశ్న ఆయనే అడుగుతారు. ఫేజర్‌కూ లిఫ్ట్‌కూ తేడా చెప్పగలిగినవాళ్లు ఆ గదిలోకి తక్కువమందే వస్తారు.

సొంత షెడ్డు ఉన్నవాళ్లకు పెద్ద కష్టం కూలీ దగ్గర వస్తుంది. తప్పు ఎక్కడుందో గంటసేపు వెతికి జాలీ కడిగి ఇస్తే, "జాలీ కడిగినందుకు ఇంతా?" అంటాడు కస్టమర్. కాబట్టి చెకింగ్ కూలీ వేరు, రిపేరు కూలీ వేరు అని బండి దిగకముందే చెప్పండి. ఎంతో కూడా చెప్పండి. చేసిన పరీక్షలన్నీ కొలతలతో కార్డు మీద రాయండి: ఆయిల్ లెవెల్, సొలెనాయిడ్ ఓమ్‌లు, గేజ్‌లో ప్రెషర్, రోడ్ టెస్ట్‌లో ఆర్పీఎం. జాలీ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపండి. అంకెలు కనిపిస్తే బేరం తగ్గుతుంది. అదే బండి మళ్లీ వస్తే పాత అంకెలు మీకే పనికొస్తాయి.

సర్వీస్ అడ్వైజర్‌గా ఉన్నవాళ్లు కస్టమర్ మాటను జాబ్ కార్డులో "పికప్ లేదు" అని కుదించేస్తుంటారు. ఏ గేరులో, ఎన్ని ఆర్పీఎం పైన, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, ఆయిల్ ఎప్పుడు ఎక్కడ మార్చారు, ఈ నాలుగూ అడిగి రాస్తే లోపల టెక్నీషియన్‌కు సగం పూట కలిసొస్తుంది. అది రాయని కార్డు మీద పనిచేసేవాళ్లే ప్లగ్గులతో మొదలుపెడతారు.

ఎలక్ట్రిక్ కార్లు వస్తున్నాయి కదా, ఇప్పుడు ఇది నేర్చుకుని లాభమేంటని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఇరవై ఏళ్ల వయసులో ఉన్నవాళ్లు దీన్నొక్కదాన్నే నమ్ముకోమని నేను చెప్పను, హై వోల్టేజ్ భద్రత శిక్షణ కూడా తీసుకోండి. కానీ ఇవాళ రోడ్డు మీదున్న పెట్రోలు బండ్లు ఇంకా చాలా ఏళ్లు తిరుగుతాయి, హైబ్రిడ్‌లలోనూ వాల్వ్‌లు ఉంటాయి. పైగా ఆజ్ఞ, కదలిక, తిరిగి వచ్చే సమాచారం అనే మూడింటినీ విడివిడిగా పరీక్షించే అలవాటు ఒకసారి పడితే ఏ సిస్టమ్ దగ్గరైనా అదే పనికొస్తుంది.

నేర్చుకోవడానికి కోర్సు కోసం ఆగనక్కర్లేదు. ఆటోనగర్‌లో పాత సామాన్ల దుకాణాల్లో పాడైన హోండా హెడ్ దొరికితే తెచ్చుకోండి. రాకర్ షాఫ్ట్ విప్పి పిన్నులు ఏ వరుసలో ఉన్నాయో చూసి, మళ్లీ బిగించి, కంప్రెసర్ గాలి తక్కువ ప్రెషర్ నుంచి మెల్లగా పెంచుతూ పంపండి. క్యామ్‌ను చేత్తో తిప్పుతుంటే ఎక్కడ పిన్ను పడుతుందో, ఎక్కడ పడదో వేళ్లకు తెలుస్తుంది. కళ్లద్దాలు పెట్టుకోండి, పాత ఆయిల్ మొహం మీద చిమ్ముతుంది. పనిముట్లు కొనే వరుస అడిగితే నేను మల్టీమీటర్ తర్వాత స్కానర్ కంటే ముందు ఆయిల్ ప్రెషర్ గేజ్ కొనమంటాను. రకరకాల మరలకు సరిపడే అడాప్టర్ల సెట్‌తో కలిపి కొనండి. అడాప్టర్ లేని గేజ్ డబ్బాలోనే ఉండిపోతుంది.